కిటికీ లోపలి ఎండ

జనవరి 9

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, "అమ్మా, మీ ఒంట్లో డి విటమిన్ పదకొండుంది" అంది. పదకొండంటే మర్యాదైన అంకెలాగే వినిపించింది. ముప్పై దాకా ఉండాలట. ఇరవైకి తగ్గితే లోటేనట.

కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి రావడం, నవంబరులో మెట్ల మీద కాళ్లు పట్టు తప్పి కూలబడిపోవడం, ఇవన్నీ వయసు అనుకున్నాను. డెబ్బై మూడేళ్లదానికి అంతకన్నా గౌరవమైన కారణం ఏముంటుంది? ఆవిడ నా గౌరవం తీసేసింది. తిన్న కాల్షియం ఎముకకి పట్టాలన్నా, కండకి బలం ఉండాలన్నా ఈ విటమిన్ కావాలట. తిండిలో దొరికేది చాలా తక్కువ, చేపల్లోనూ గుడ్డు సొనలోనూ కాస్త. మిగతాదంతా మన చర్మమే ఎండలో తయారుచేసుకోవాలట.

"రోజూ సూర్యుడొస్తూనే ఉన్నాడుగా, మరి లోటెందుకు?" అన్నాను.

"ఆయన వస్తూనే ఉన్నాడమ్మా. మనమే ఆయనకి కనబడట్లేదు."

ఈ పిల్లకి నోరుంది. నచ్చింది.

వారానికొక గోళీ చొప్పున ఎనిమిది వారాలు. దాంతోపాటు ఎండ. ముసలి చర్మం ఎండ ఒక్కదాంతో సరిపెట్టుకోలేదు, రెండూ చెయ్యాలి అని రెండుసార్లు చెప్పింది. నా ముఖంలో ఏం చూసిందో.

బయట వరండాలో కోడలు నెమ్మదిగా, "అత్తయ్యా, నేనూ ఆ పరీక్ష చేయించుకోనా? నడుం, మోకాళ్లు ఒకటే నొప్పి" అంది.

"నలభై ఏళ్లు నిండకుండానే పరీక్షలేంటి? నా వయసు రానీ, అప్పుడు నొప్పులన్నీ నీవే" అన్నాను. నర్సు నవ్వింది. కోడలు నవ్వలేదు.

జనవరి 12, ఆదివారం

గోళీ వచ్చే ఆదివారం నుంచి. ఎండ మాత్రం ఈరోజు నుంచే.

ముందు గదిలో మూడు కిటికీలు. మూడోదాని దగ్గర పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎండ గది మధ్యకొచ్చి పడుతుంది. అక్కడ కుర్చీ వేయించుకున్నాను. చేతులు మోచేతుల దాకా, కాళ్లు మోకాళ్ల దాకా ఎండకిచ్చేశాను. వెచ్చగా, హాయిగా ఉంది.

"డాబా మీద కూర్చోవచ్చుగా అమ్మా? ఒక్క అంతస్తేగా" అన్నాడు మా వాడు. లెక్కల లెక్చరరు, వాడికి అన్నీ ఒక్కటే. పద్దెనిమిది మెట్లు.

"సూర్యుళ్లు ఇద్దరున్నారా, డాబా మీదికొకడు, కిటికీలోకొకడు?" అన్నాను. నోరు మూసుకున్నాడు. తెలివైనవాడే.

జనవరి 19

ఎండ నలభై నిమిషాలు. గోళీ వచ్చే వారం.

జనవరి 26

ఎండ యాభై నిమిషాలు. ఇంత చేస్తున్నప్పుడు మళ్లీ గోళీ దేనికని.

ఫిబ్రవరి 4

పక్క వాటా బస్సు డ్రైవరు ఏదో సంతకానికొచ్చి, ఎండలో కూర్చున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"మీక్కూడానా అమ్మగారూ? నాకూ ఆ విటమినే లేదన్నారు. పన్నెండేళ్లుగా పొద్దున్నుంచీ సాయంత్రందాకా సూర్యుడికి ఎదురుగా బండి నడుపుతున్నా. ఈ చెయ్యి చూడండి." కిటికీ వైపు చెయ్యి మాడిన పెనంలా ఉంది. రెండో చెయ్యి వేరే మనిషిదిలా ఉంది. "ఏసీ బస్సు, తలుపులన్నీ మూసే ఉంటాయి గాని, ఎండకేం కొదవ? ఇంకా ఎండ చాలదంటే నేను సూర్యుళ్లోకే నడపాలి బండిని."

నాకు భలే సంతోషమేసింది. ఈ మనిషికే లోటుందని చెప్పిన లేబరేటరీ నాకు మాత్రం నిజం చెప్పిందని ఏమిటి నమ్మకం? అక్కడ యంత్రమే చెడిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 16

కోడలు ఆదివారమంతా మంచం దిగలేదు. ఒళ్లంతా ఎవరో మెత్తగా కొట్టినట్టుందట. ముగ్గురు డాక్టర్లకి చూపించుకుంది. ఒకాయన విశ్రాంతి తీసుకోమన్నాడు, ఒకాయన బరువు తగ్గమన్నాడు, మూడో ఆయన మనసు ప్రశాంతంగా ఉంచుకోమన్నాడు. నేను నాలుగో డాక్టర్నయ్యాను: "వంచకపోతే ఏ ఒళ్లైనా నొప్పే."

కోడలు ఇప్పుడు పనిచేసే గదిలోనే ముప్పై ఒక్క ఏళ్లు నేనూ పనిచేశాను. మ్యూజియం పాత బట్టల విభాగం. మూడువందల ఏళ్లనాటి గుడ్డని ట్రేతో సహా ఎత్తి, బల్ల మీద దించి, కుంచెతో దుమ్ము తీసి, దారం దారం చూసి, మళ్లీ చుట్టి పెట్టాలి. కిటికీలకి నల్ల తెరలు, దీపం ఎంత వెలగాలో అంతే. నేనెప్పుడైనా నొప్పన్నానా?

అనలేదు. అన్నానా?

గుర్తులేదు.

ఫిబ్రవరి 23

ఎండ గంట.

మార్చి 18

ఇవాళ కోడలు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఈ ఇంట్లో ఎవరు ఏ ఉత్తరం రాసినా నేను దిద్దితేగాని గడప దాటదు, అది అలవాటు. ఊదా సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు. నేనే నేర్పాను, గుడ్డకి కట్టే చీటీలు అలాగే రాయాలని.

రాజీనామా.

"ట్రే ఎత్తలేకపోతున్నాను అత్తయ్యా. మొన్న చేతుల్లోంచి జారబోయింది. ఆ నీలం శాలువా. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే..." కాగితం నా వైపు ఇంకాస్త జరిపింది. "ఏదో ఒకటి పాడుచేసి బయటపడేకంటే ముందే మానేస్తే మర్యాద. నెలాఖరుకి ఇస్తాను. భాష చూసిపెట్టండి."

ఆ శాలువా సంగతి నాకు తెలుసు. దాన్ని పట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆమెకి ఆరు నెలలు. నా తర్వాత ఆ గదిలో చెయ్యి తిరిగినదంటూ ఉంటే ఇదొక్కతే. ఇది మానేస్తే ఆ తలుపుకి తాళం వేసుకోవడమే.

"భాష చాలా అధ్వాన్నంగా ఉంది. రెండు వారాలు పడుతుంది" అన్నాను.

ఒక్క తప్పు లేదు.

మార్చి 31

"అయిందా అత్తయ్యా?"

"మూడో వాక్యం దగ్గరున్నాను."

ఏప్రిల్ 3

తొమ్మిది! పదకొండు తొమ్మిదైంది. మూడు నెలలు సూర్యుడి ముందు సెలవు చీటీ లేకుండా కూర్చుంటే రెండు తగ్గింది!

డాక్టరమ్మ కళ్లజోడు తీసి, "గోళీలన్నీ వేసుకున్నారా?" అంది. ఎండలో కూర్చున్నానన్నాను. "అది కాదమ్మా నేనడిగింది" అంది. మీ లేబరేటరీ యంత్రాన్ని బాగుచేయించండి అని చెప్పి లేచాను. రెండు చేతులూ ఆనించి లేచాను. అది కూడా చూసింది.

ఏప్రిల్ 5, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి లేదు. మనవరాలు దేన్నో కొలవాలని టేపు కోసం నా బల్ల సొరుగు లాగింది. దానికి తొమ్మిదేళ్లు, చేతికి ఏది దొరికినా దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి.

"నానమ్మా, ఈ డబ్బాకి ముల్లుందేంటి?"

నేను రిటైరైన రోజు మ్యూజియంవాళ్లు గుర్తుగా ఇచ్చిన పాత మీటరు. ఎండలో కంటికి కనబడని కిరణాలుంటాయని, అవి బట్టల రంగులు తినేస్తాయని, వాటిని ఈ ముల్లు పసిగడుతుందని చెప్పాను. గోడగడియారం బ్యాటరీ ఊడదీసి దీనికి పెట్టింది. పెట్టి, సరాసరి నా మూడో కిటికీ దగ్గరికి పరిగెత్తింది. కుర్చీ మీద ఎండ బంగారంలా పడుతోంది.

"ముల్లు కదలట్లేదు నానమ్మా. చచ్చిపోయింది."

"సరిగ్గా పట్టుకో."

"సరిగ్గానే పట్టుకున్నా. సున్నా." కిటికీ రెక్క తీసి చెయ్యి బయటికి చాపింది. చాపీ చాపగానే అరిచింది. "బతికింది! చివరికెళ్లి కొట్టుకుంటోంది చూడు!"

లోపల సున్నా. బయట నిండు. లోపల సున్నా. బయట నిండు. అది ఆటలా ఆడుతోంది.

ఆ అరుపుకి వంటగదిలోంచి కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మీటరు చూసింది, నన్ను చూసింది. ఇద్దరం ఒకేసారి అద్దం కింది మూలకి చూశాం. అక్కడ ఫిల్మ్ అంచు గోరంత లేచి ఉంది.

ఇరవై రెండేళ్ల కింద, ఆ కనబడని కిరణాల్ని ఆపడానికి మ్యూజియం కిటికీలకి వెయ్యగా మిగిలిన ఫిల్మ్ చుట్ట అడిగి తెచ్చి, సబ్బునీళ్లు, స్కేలు పెట్టి మూడు కిటికీలకీ నా చేత్తో నేను అంటించాను. ఎదురుగోడ మీద మా అమ్మ నేసిన నీలం ఎరుపు గుడ్డ ఉంది. దాని రంగు పోకూడదని. కోడలు ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను చెప్పిన మొదటి పాఠం కూడా అదే: ఫిల్మ్ వేశాక ముల్లు సున్నా చూపించాలి, సున్నా చూసేదాకా నాకు అన్నం సహించదు.

"మూడు నెలలు..." అంది కోడలు. నవ్వు ఆపుకోడానికి పెదవి బిగబట్టుకుంది, లాభం లేకపోయింది. "అత్తయ్యా, మీరు మిమ్మల్నే మ్యూజియంలో పెట్టేసుకున్నారు."

నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? ప్రపంచంలో ఈ తప్పు చెయ్యకూడని మనిషెవరైనా ఉంటే అది నేను.

అప్పుడు సొరుగులోంచి రెండో వస్తువు బయటికొచ్చింది. "ఇవేంటి నానమ్మా? ఎనిమిది గోళీలు. ఎనిమిదీ ఉన్నాయి."

ఎవరూ నవ్వలేదు.

ఏప్రిల్ 6

గోడ మీది గుడ్డ దగ్గరికెళ్లి చూశాను. నిన్న మగ్గం మీంచి దించినట్టుంది.

కోడలి ముఖం కూడా చూశాను.

ఏప్రిల్ 8

ఈసారి ఇద్దరం కలిసి వెళ్లాం. రక్తం తీసే చోట ముందు కోడలి చెయ్యి చాపించాను, తర్వాతే నేను కూర్చున్నాను.

అద్దం సంగతి చెబితే డాక్టరమ్మ పడీపడీ నవ్వి, తర్వాత తీరిగ్గా చెప్పింది. ఎండలో చర్మాన్ని నల్లబరిచే కిరణం వేరు, విటమిన్ పుట్టించే కిరణం వేరట. నల్లబరిచేది మామూలు అద్దంలోంచి దూరిపోతుంది. విటమిన్‌ది ఏ అద్దాన్నీ దాటలేదు. నా ఫిల్మ్ ఆ రెండింటినీ ఆపేసింది. ఫిల్మ్ పీకేసినా లాభం లేదు, అద్దం మిగిలే ఉంటుంది. బస్సు డ్రైవరు చెయ్యి ఎందుకు మాడిందో, అతని ఎముకకి ఎందుకేమీ అందలేదో అప్పుడర్థమైంది. పాపం, యంత్రం నిక్షేపంలా ఉంది.

పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండలో కూడా ఆ కిరణం పెద్దగా ఉండదట. "మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు కూర్చోండి. పావుగంట, ఇరవై నిమిషాలు. మనలాంటి ముదురు రంగు చర్మానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అలాగని మాడిపోయేదాకా వద్దు."

నీడ పొట్టిగా ఉండే వేళకి ఎవరెక్కడుంటారో దారిపొడుగునా లెక్కేసుకున్నాను. మా వాడు తెరలు దించిన క్లాసులో. పిల్ల బడి గదిలో. ఆటల పీరియడు పరీక్షలకి తాకట్టు. డ్రైవరు అద్దం వెనక. వీధిలో నడిచేవాళ్లు కూడా గొడుగులో, పొడుగు చేతుల్లో. నేను మ్యూజియంలో, సొంత మ్యూజియం.

ఏప్రిల్ 11

నా కోడలికి ఆరు.

ఎనిమిదింటికి ఆఫీసు వ్యాన్, తొమ్మిది నుంచి అయిదున్నర దాకా నల్లతెరల గది, చీకటి పడే వేళకి ఇల్లు. ఆదివారాలు ఈ ఇంట్లో, నా ఫిల్మ్ వెనక. పదిహేనేళ్లు. ఆ పిల్ల మీద ఎండ పడే చోటెక్కడ మిగిల్చాను?

"ఈ నొప్పి మీ మనసులో లేదమ్మా, ఎముకల్లో ఉంది. కండలకి బలం లేదు కాబట్టే చేతుల్లో బరువు నిలవట్లేదు. తగ్గుతుంది. టైం పడుతుంది గాని తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. కోడలు అక్కడే ఏడ్చేసింది. నాలుగో డాక్టరు పక్కనే కూర్చుని నేల చూసుకుంది.

ఇంటికొచ్చాక చెప్పాను. "జనవరిలో నీ పరీక్ష ఆపింది నేనే."

"గుర్తుంది" అంది.

అంతే. ఫరవాలేదు అనలేదు. అనుంటే నమ్మేదాన్ని కాదు.

కాసేపయ్యాక తనే అంది: "పది వారాలు చూస్తాను. అప్పటికీ ట్రే ఎత్తలేకపోతే ఆ ఉత్తరం నాకిచ్చెయ్యాలి. దిద్దినా, దిద్దకపోయినా."

"సరే."

"మీ గోళీలు నా ముందు వేసుకోవాలి."

"సరే" అన్నాను. ఒకే రోజు రెండు సరేలు. మా వాడు పేపరు కిందికి దించి మరీ చూశాడు.

ఇంకొకటి కూడా రాసి పెట్టాలి, ఇక్కడైనా. నేను కిటికీ దగ్గర కూర్చున్నది, ఎక్కడైనా సూర్యుడు ఒక్కడేనని కాదు. నవంబరు నుంచీ మెట్లంటే భయం.

ఏప్రిల్ 13, ఆదివారం

పద్దెనిమిది మెట్లు. ఇరవై రెండు నిమిషాలు.

నేను కోడలి భుజం పట్టుకున్నాను, కోడలు కమ్మీ పట్టుకుంది. ఎవరి మోకాలు ఎప్పుడు అరిచిందో చెప్పడం కష్టం. తొమ్మిదో మెట్టు మీద ఇద్దరం చతికిలబడ్డాం. నవంబరులో నేను కూలబడ్డది సరిగ్గా అక్కడే. కాళ్లు వణకడం మొదలైంది. కోడలు నాకు కింది మెట్టు మీదికి జరిగి అడ్డంగా కూర్చుంది. ట్రే జారకుండా ఒళ్లు అడ్డం పెడతాం, అలా.

కిందనుంచి డ్రైవరు వచ్చాడు. "ఏంటమ్మగారూ, బండి ఆగింది?"

"సిగ్నల్ పడలేదు."

అద్దం సంగతి చెప్పాను. తన నల్లచేతిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అంటే మాడేది మాడుతుంది, వచ్చేది మాత్రం రాదా? ఇదెక్కడి న్యాయమండీ!" అని, మమ్మల్ని దాటి డాబా మీదికెళ్లి, రెండు కుర్చీలు తుడిచి వేసి పెట్టాడు.

ఎండ. అద్దం లేని ఎండ. చురుక్కుమంది. పక్కన కోడలు కళ్లు మూసుకుని, చేతులు బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి తిప్పుతోంది, నేత చూడ్డానికి గుడ్డని తిప్పినట్టు.

ఏప్రిల్ 14

మొదటి గోళీ నిన్ననే పడింది. ఆ ఉత్తరం దిద్దడం ఈరోజు మొదలుపెట్టాను. నా పద్ధతిలో. మిగతా వివరం ఇక్కడ కూడా రాయను, ఈ ఇంట్లో సొరుగులకి రక్షణ లేదని తేలిపోయింది.

ఏప్రిల్ 30

మెట్లు పద్నాలుగు నిమిషాలు. మధ్యలో ఒక్క స్టాపు.

కిటికీ ఫిల్మ్ తీసెయ్యమంటావా అన్నాడు మా వాడు. వద్దన్నాను. గుడ్డ ఏం తప్పు చేసింది? అది లోపలే ఉండాల్సిన వస్తువు. మనమే కాదు.

మే 9

కోడలికి ఏం తేడా లేదట. నాలుగు వారాలు. అడిగితే విసుక్కుంది. మళ్లీ అడిగాను. ఇంకా విసుక్కుంది.

మే 11

నొప్పి ఉందట గాని, పొద్దున్నే మంచం దిగేటప్పుడు కాస్త తక్కువట. ఇది నేను అడక్కుండా చెప్పింది.

మే 18

మనవరాలు డాబా మీద టేపుతో నా నీడ కొలుస్తోంది. రోజూ చేటంత పుస్తకంలో ఎక్కిస్తోంది. తొమ్మిదింటికి "అయిదడుగులు, ఇంకా కూర్చోకు." పదింటికి "మూడడుగులు, ఇప్పుడు కూర్చో." ఇంత చిన్న ఆఫీసరు కింద నేనెన్నడూ పనిచేయలేదు. బడిలో ఆటల పీరియడు సంగతి వాళ్ల టీచరుకి ఉత్తరం రాసింది. దిద్దమని తెచ్చింది. అక్షరం ముట్టుకోలేదు.

జూన్ 3

ఒక్కదాన్నే ఎక్కాను. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో మెట్టు మీద ఆగలేదు.

జూన్ 17

మ్యూజియంలో పెద్ద ట్రే, ఆ నీలం శాలువాది, ఒక్కతే ఎత్తి బల్ల మీద దించిందట. ఎదుటి బల్ల వాళ్లు చప్పట్లు కొట్టబోతే ఆపిందట, దుమ్ము లేస్తుందని. నా పెంపకం.

ఇప్పుడు మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని మ్యూజియం బయటి మెట్ల మీద తింటోందట. ఆమెని చూసి ఇంకో ముగ్గురు.

జూన్ 20

కోడలు ముప్పై ఒకటి. నేను ఇరవై ఎనిమిది. ఓడిపోయాను. "ఇక గోళీ నెలకొకటి చాలు, ఎండ మానొద్దు" అంది డాక్టరమ్మ. కుర్చీలోంచి లేచాను. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అది కూడా చూసింది.

జూన్ 22, ఆదివారం

డాబా మీద అందరం ఉన్నాం. నా నీడ రెండడుగుల ఏడంగుళాలు. కోడలు నా వైపు తిరిగింది.

"పది వారాలైపోయాయి అత్తయ్యా. ఉత్తరం ఏది?"

లేచి నీళ్లట్యాంకు వెనక్కెళ్లాను. ఎండ పడే సిమెంటు దిమ్మె మీద, నాలుగు మూలలా నాలుగు రాళ్ల కింద, ప్లాస్టిక్ కవరులో ఉంది. తెచ్చి చేతికిచ్చాను.

కవరులోంచి కాగితం తీసి, పాత గుడ్డ చూసే అలవాటుతో ఏటవాలుగా వెలుతురుకి పట్టింది. ఊదా సిరా పోయింది. పై సగం ఉత్త తెల్లకాగితం, కలం నొక్కిన గుంటలు తప్ప. కింద అక్కడక్కడా గులాబీ రంగు మరకలు.

చాలాసేపు చూసింది. ఇంకెవరైనా అయితే ఏం జరిగిందని అడిగేవాళ్లు. తను అడిగింది ఒకటే: "ఎన్ని రోజులు?"

"అరవై తొమ్మిది. ఒక్క రోజూ మానలేదు."

"ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క దారం రంగు పోనివ్వలేదు మీరు."

"రిటైరయ్యాక ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా. కావాలంటే ఇంకోటి రాసుకో. కాగితాలున్నాయి, సిరా ఉంది."

మా వాడు, పిల్ల మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నారు. కోడలు కాగితాన్ని మళ్లీ వెలుతురుకెత్తి, అడుగున ఒక చోట వేలు పెట్టి, జాగ్రత్తగా కవరులోకి తోసి నాకు తిరిగిచ్చేసింది.

"ఇంకో వారం ఉంచండి అత్తయ్యా. సంతకం ఇంకా కనబడుతోంది."